కెనడాలో మీ బలం మీకే తెలియకుండా చూసుకోవడం ఎలా?

బ్రాంప్టన్ బేస్‌మెంట్‌లో సూట్‌కేసులు దించగానే ఎవరో ఒక అన్నయ్య మొదలుపెడతాడు: "తమ్ముడూ, ముందు నీ స్ట్రెంగ్త్స్ ఏంటో తెలుసుకో." వినకండి. మీ బలమెంతో వలస దరఖాస్తులకు మార్కులేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో 1200కి ఇన్నని తేల్చేశాకే కదా విమానం ఎక్కింది! ఒంటరిగా అప్లై చేస్తే 20 నుంచి 29 ఏళ్ల దాకా వయసుకు 110 మార్కులు, 30 నుంచి ఏటా కోత, 45కి సున్నా. ఇంకా తెలుసుకోవడానికి ఏం మిగిలింది? పాట్‌లక్‌కి వెళ్తే అందరి స్కోర్లూ కనుక్కుని, ఎవరి పక్కన కూర్చోవాలో దాన్నిబట్టి చూసుకోండి.

రెజ్యూమె కోసం బుర్ర బద్దలు కొట్టుకోవద్దు. పక్క గది కుర్రాడికి ఉద్యోగం వచ్చింది కాబట్టి అతనిది తీసుకుని పేరు మార్చండి. ఫోన్ నంబరు కూడా మార్చండి, లేకపోతే ఇంటర్వ్యూ కాల్ అతనికే పోతుంది. పాత ఉద్యోగంలో ఏం చేశారో గుర్తులేకపోతే సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లకు వృత్తుల జాబితాలో 21231 కోడ్ కింద ప్రభుత్వమే విధులన్నీ రాసిపెట్టింది, దించేయండి. ఫొటో, పుట్టినతేదీ, తండ్రి పేరు, పెళ్లి సంగతి ఇక్కడెవరూ అడగరు. అందుకే పెట్టాలి. అడగనివాటితో పేజీ నిండితే అడిగినదానికి చోటుండదు.

అసలు జాగ్రత్త పొట్టకూటికి చేసే సర్వైవల్ జాబ్ దగ్గర. మిస్సిసాగాలో ఒకావిడ ఉంది, హైదరాబాద్‌లో బ్యాంకులో లోన్లు చూసేది, ఇక్కడ టిమ్ హోర్టన్స్ డ్రైవ్‌త్రూలో చేరింది. జనవరి మంచులో, ఇంకా తెల్లారకముందే కార్లు రోడ్డు దాకా బారులు తీరేవి. హెడ్‌సెట్‌లో ఒకరి ఆర్డర్ వింటూ, కిటికీలోంచి ఇంకొకరి కార్డు అందుకుంటూ, మూడో కారాయన రోజూ డబుల్ డబుల్ కాఫీయే తాగుతాడని ఆయన నోరు తెరవకముందే కప్పు సిద్ధం చేయించేది. షిఫ్టు ఎవరు ఎగ్గొట్టినా మేనేజర్ ఫోన్ ఆవిడకే. రెజ్యూమెలో మాత్రం ఆ ముక్క రానివ్వలేదు. బ్యాంకు ఇంటర్వ్యూలో "ఒత్తిడిలో ఎలా పనిచేస్తారు?" అని అడిగితే, కాలేజీలో సెమినార్ జరిపించిన వైనం చెప్పింది. ఇంత చక్కగా దాచడం అందరివల్లా కాదు.

మీకు ఆఫీసులో ఉద్యోగం ఉన్నా ప్రమాదం తప్పదు. నెలాఖరు రిపోర్టు ఆగిన ప్రతిసారీ జనం మీ డెస్కు దగ్గరికే వస్తుంటే, ఇది నా బలమేమోనన్న అనుమానం పుడుతుంది. మొగ్గలోనే తుంచేయండి. మీకు సులువుగా వచ్చేది ఊళ్లో అందరికీ సులువే, వాళ్లు బద్ధకంకొద్దీ అడుగుతున్నారంతే. పీటర్ డ్రక్కర్ 1999లో ఒక వ్యాసంలో, ముఖ్యమైన నిర్ణయం తీసుకున్నప్పుడల్లా ఏం జరుగుతుందనుకుంటున్నారో రాసిపెట్టి, తొమ్మిది నెలలకో ఏడాదికో జరిగినదానితో పోల్చి చూసుకోమన్నాడు. అలా రాస్తే ఎక్కడ గట్టివారో ఎక్కడ తేలిపోతారో కాగితం మీద బయటపడిపోతుంది. పెన్ను జోలికి పోకండి.

ఇంటర్వ్యూలో "మేం" అనండి. మేం మైగ్రేట్ చేశాం, మేం డెలివర్ చేశాం. "అందులో మీరు చేసిందేమిటి?" అని ఇంటర్వ్యూ చేసే ఆవిడ కాస్త ముందుకు వంగి అడుగుతుంది. "టీమ్ అంతా కలిసే చేశాం మేడమ్." "నేను" అంటే గొప్పలు చెప్పుకోవడమని మనింట్లో నేర్పారు కదా, ఆ పెంపకాన్ని ఇక్కడ గౌరవించాలి. కొత్త కారు ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టేటప్పుడు అక్కర్లేదు.

కెనడియన్ ఎక్స్‌పీరియెన్స్ లేదని వాళ్లు అడక్కముందే క్షమాపణ చెప్పుకోండి. 2026 జనవరి 1 నుంచి ఒంటారియోలో పాతికమందికి తగ్గకుండా ఉద్యోగులున్న సంస్థలు బహిరంగ ప్రకటనల్లో ఆ అనుభవం కావాలని రాయకూడదు. రాయకూడదన్నది వాళ్లకి. మీ నోటికి ఏ చట్టమూ అడ్డు రాదు.

ఇన్ని చేసినా ఉద్యోగం వచ్చేస్తే కంగారుపడకండి. కొన్నాళ్లకు మేనేజర్ పిలిచి, ఎలాంటి పని చేయాలనుందని అడుగుతాడు. "ఏదైనా పర్లేదు" అనండి. ఎవరూ ముట్టుకోని పని ఆయన దగ్గర ఎప్పుడూ ఒకటుంటుంది.