చూద్దాం అంటే చాలు

రియల్ ఎస్టేట్ కంపెనీల్లో ఈమధ్య ఒక కొత్తరకం ఉద్యోగి తయారయ్యాడు. సైటు దగ్గరికి వెళ్ళడు. ఎండలో నిలబడడు. కొనేవాడి మొహం చూడడు, గొంతు వినడు. అయినా ఒక విల్లా అమ్ముడుపోయిందంటే అది తన చలవేనని ఢంకా బజాయించి చెబుతాడు. విజిటింగ్ కార్డు మీద మార్కెటింగ్ ఆటోమేషన్ మేనేజర్ అని ఉంటుంది. చేసే పని ఏమిటయ్యా అంటే, ఎప్పుడో ఎక్కడో ఈమెయిల్ అడ్రసు రాసిచ్చిన పాపానికి ఒక మనిషిని, కొనేదాకానో పోయేదాకానో, మెయిళ్ళు పెట్టి సాకడం. మా బావ ఆ విద్యలో ఆరితేరినవాడు.

మోకిల వైపు విల్లాలు కట్టే కంపెనీ ఆయనది. కొనేవాళ్ళలో డాలస్, న్యూజెర్సీ తెలుగువాళ్ళు ఎక్కువ. అందుకే అమెరికా తెలుగు సంఘాల మహాసభల్లో కంపెనీ స్టాలు పెడుతుంది. బల్ల మీద ఒక గిన్నెలో చాక్లెట్లు, ఇంకో గిన్నెలో లక్కీ డ్రా కోసం విజిటింగ్ కార్డులు. భోజనాల క్యూ కదిలేలోపు కాసేపు అటూ ఇటూ తిరుగుదామని వచ్చిన పెద్దమనిషి తన కార్డు కూడా అందులో పడేస్తాడు. "విల్లా ఏమైనా చూస్తున్నారా సార్?" అంటాడు స్టాల్లో కుర్రాడు. మొహం మీద వద్దనడం మన ఇంటా వంటా లేదు. "చూద్దాం లెండి" అంటాడు పెద్దమనిషి, చాక్లెట్ కాగితం విప్పుకుంటూ. అంతే. మాదాపూర్‌లో మా బావ లాప్‌టాప్ తెర మీద ఒక కొత్త పేరు ప్రత్యక్షమవుతుంది. దాని పక్కన నారింజరంగులో 'వార్మ్ లీడ్' అని పడుతుంది.

ఆ తెర చూసి తీరాల్సిందే. పైనుంచి కిందికి డబ్బాలు, డబ్బాల మధ్య బాణాలు. మొదటి రోజు బ్రోచరు. మూడో రోజు ఔటర్ రింగ్ రోడ్డు ఎంత దగ్గరో చూపించే మ్యాపు. ఏడో రోజు ఇంకా పునాదులు కూడా లేని క్లబ్‌హౌస్ ఫొటోలు. పధ్నాలుగో రోజు బ్యాంకు లోను వివరాలు. ఇరవై ఒకటో రోజు 'ఈస్ట్ ఫేసింగ్ మూడే మిగిలాయి'. ప్రతి డబ్బా కింద ఒక ప్రశ్న: తెరిచాడా, లేదా? తెరిస్తే కుడివైపు బాణం, తెరవకపోతే ఎడమవైపు. ఎడమకు పోయినవాడికి అదే మెయిలు, సబ్జెక్టు మారి, రెండు రోజుల తర్వాత మళ్ళీ పోతుంది.

"మరి ఇందులోంచి బయటపడే దారేది బావా?" అన్నాను.

అట్టడుగున రెండు డబ్బాలు చూపించాడు. ఒకదాని మీద 'కొన్నాడు' అని ఉంది, రెండోదాని మీద 'అన్‌సబ్‌స్క్రైబ్'.

"ఈ రెండూ చెయ్యకుండా ఊరుకున్నవాడికి?"

"వాడు మళ్ళీ మొదటి డబ్బాలోకొస్తాడోయ్. కొత్త ఫేజు లాంచి ఉందిగా!"

ఆయన పనితనాన్ని మాత్రం ఒప్పుకోవాలి. ఆ సాఫ్ట్‌వేరు రాసిన దొరలకి ఆషాఢం తెలియదు. దానికి ఆషాఢం నేర్పినవాడు మా బావ. ఆషాఢమో మూఢమో వస్తోందంటే 'ఇప్పుడే బుక్ చేసుకోండి' మెయిళ్ళన్నీ ఆగిపోతాయి. ఆ రోజుల్లో వంటగది ఏ మూలన ఉండాలి, పూజగది తలుపు ఎటు తెరుచుకోవాలి వంటి నిరపాయకరమైన మెయిళ్ళు వెళ్తాయి. శ్రావణం పడీ పడగానే ఆపినవన్నీ కలిపి ఒక్కసారి మీదపడతాయి. డాలస్‌లో పొద్దున 9కి చేరాలంటే ఇక్కడ రాత్రి 7.30కి వదలాలి. నవంబరులో అక్కడ గడియారాలు వెనక్కి తిప్పితే ఇక్కడ 8.30 అవుతుంది. పంచాంగం, గడియారం రెండూ ఆయనకి కంఠోపాఠం. పూర్వం సేల్స్ కుర్రాళ్ళు ఫోన్ నంబర్లు డైరీలో రాసుకుని, ఉద్యోగం మానేసేటప్పుడు డైరీ కూడా పట్టుకుపోయేవారు. ఆ బాధ తప్పించినందుకు ఓనరుకి ఆయనంటే గురి.

ఇక మార్కుల సంగతి. మెయిలు తెరిస్తే 1. లింకు నొక్కితే 5. ధరల పేజీ చూస్తే 10. నెలవారీ కిస్తు లెక్క వేసుకుంటే 20. మొత్తం 50 దాటిందా, ఆ మనిషి పండినట్టు లెక్క, సేల్స్ వాళ్ళకి అప్పగిస్తారు. నెల రోజులు ఉలుకూ పలుకూ లేకపోతే 10 కోత. ఈ రోగం ఇంటికి కూడా పాకింది. మా అక్కయ్య "ఏవండీ, గ్యాసు అయిపోయింది" అని ఒకసారి చెబితే కదలడు, రెండోసారికీ కదలడు. మూడోసారి గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చాక, "ఇప్పుడు 50 దాటావు" అంటూ లేస్తాడు.

ఒకసారి డాలస్ లీడు ఒకటి 80కి ఎగబాకింది. పంపిన ప్రతి మెయిలూ తెరుస్తున్నాడు, ప్రతి లింకూ నొక్కుతున్నాడు, అదీ అర్ధరాత్రి. "పాపం, నిద్రలో కూడా మన విల్లానే కలవరిస్తున్నాడోయ్" అని మా బావ మురిసిపోయాడు. సేల్స్ కుర్రాడు ఫోన్ చేస్తే అవతలి పెద్దమనిషి, "మెయిలా? ఏ మెయిలు బాబూ?" అన్నాడు. అసలు సంగతేమిటంటే, మెయిల్లో కంటికి కనపడని చుక్కంత బొమ్మ ఒకటి దాచిపెడతారు. ఆ బొమ్మ లోడైతే మనిషి మెయిలు తెరిచినట్టు లెక్క. 2021 సెప్టెంబరులో యాపిల్ వాళ్ళు ఐఓఎస్ 15తో పాటు ఒక ఏర్పాటు తెచ్చారు. అది పెట్టుకున్నవాడు మెయిలు చదివినా చదవకపోయినా బొమ్మల్ని మాత్రం యాపిల్ సర్వర్లే ముందుగా దించేస్తాయి. పెద్ద కంపెనీల మెయిళ్ళకు కాపలా కాసే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్లు ఇంకో అడుగు ముందుకేసి, ప్రమాదకరమైనవేమోనని లింకులన్నీ తామే నొక్కి చూస్తాయి. అంటే పంపేదీ యంత్రమే, తెరిచేదీ యంత్రమే, నొక్కేదీ యంత్రమే. మధ్యలో సంబరపడే మనిషి ఒక్కడే, మా బావ.

పేర్లతో ఆయన పడే పాట్లు వేరే. ఆ సాఫ్ట్‌వేరుకి ముందున్నదే మనిషి పేరు, మనకేమో ముందుండేది ఇంటిపేరు. దాంతో డెబ్భై ఏళ్ళ రిటైర్డ్ లెక్చరరు గారికి 'హాయ్ అయ్యలసోమయాజుల! వీకెండ్ ఎలా గడిచింది?' అని మెయిలు వెళ్ళింది. పొడి అక్షరాలవారికి 'హాయ్ వి.వి.ఎస్.ఎన్!' అని వెళ్ళింది. వీటన్నిటినీ తలదన్నేది ఇంకొకటుంది. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవాళ్ళకి అమెరికా వీసాలో అసలు పేరు ఉండాల్సిన చోట ఎఫ్.ఎన్.యు. అని పడుతుంది, పేరు తెలియదని దానికి అర్థం. అది అక్కడి చాలా కాగితాలకి అంటుకుంటుంది. అలాంటి ఒకాయనకి మా బావ పంపిన మెయిలు: 'డియర్ ఎఫ్.ఎన్.యు., ఈ ఇల్లు ప్రత్యేకంగా మీకోసమే కట్టాం.'

వీటికి నవ్వి ఊరుకోవచ్చు. నవ్వలేనిది ఒకటుంది. న్యూజెర్సీ నుంచి ఒకావిడ, నాలుగో మెయిలు నిజంగానే చదివి, జవాబు రాసింది: 'నీళ్ళు ఎలా వస్తాయండీ? బోరా, మంజీరానా?' ఇల్లు కొనే మనిషి అడిగే మొట్టమొదటి ప్రశ్న అది. కానీ ఆ మెయిళ్ళు వెళ్ళేది నో రిప్లై అనే అడ్రసు నుంచి. ఆ పెట్టెలో ఏం పడిందో ఎవరూ చూడరు. పైగా ఆయన పట్టికలో జవాబు రాసినందుకు మార్కులు లేవు. కాబట్టి మూడు రోజుల తర్వాత ఆవిడకి స్విమ్మింగ్ పూల్ గురించి ఇంకో మెయిలు వెళ్ళింది. పూల్లోకి నీళ్ళు ఎక్కడినుంచి తెస్తారో అందులోనూ లేదు.

ఇంతటితో ఆగితే బాగుండేది. మేనకోడలికి సంబంధాలు చూసే బాధ్యత కూడా మా బావ నెత్తినేసుకున్నాడు. ఒక అబ్బాయి తరఫువాళ్ళు వచ్చి, టిఫిన్లు చేసి, "జాతకాలు చూసుకుని చెబుతాం" అని వెళ్ళారు. ఆ మాటకి అర్థం తెలియని తెలుగువాడు ఉండడు. మా బావ మాత్రం వాళ్ళని డబ్బాలో వేశాడు. మూడో రోజు అమ్మాయి లంగా ఓణీ ఫొటో. ఏడో రోజు అమ్మాయికి ఆఫీసులో ప్రమోషన్ వచ్చిన కబురు. పధ్నాలుగో రోజు 'ఇంకో రెండు కుటుంబాలు ఆసక్తి చూపిస్తున్నాయి'. ఆ తర్వాత ఈయన మరిచిపోయాడు కానీ డబ్బాలు మరిచిపోవుగా! అవతల ఆ అబ్బాయికి వేరే సంబంధం కుదరడం, ముహూర్తాలు పెట్టుకోవడం, పెళ్ళి జరగడం కూడా అయిపోయింది. పెళ్ళైన మర్నాడు పొద్దున్నే అతని ఫోనులో 'ఇంకా ఆలోచిస్తున్నారా?' అని మోగింది. ఫోను చూసింది కొత్త పెళ్ళికూతురు. 'ఆలోచించడం అయిపోయిందండీ' అని ఆ అమ్మాయే జవాబు కొట్టింది.

"చూశావా, తెరిచారు, చదివారు, రిప్లై కూడా ఇచ్చారు! ఎంగేజ్‌మెంట్ అంటే ఇదీ" అన్నాడు మా బావ.

"పెళ్ళే అయిపోతే ఇంకా ఎంగేజ్‌మెంట్ ఏమిటండీ!" అంది మా అక్కయ్య.

మేనకోడలి సంబంధం చివరికి గుంటూరు పెద్దమ్మ చేసిన ఒక్క ఫోనుతో కుదిరింది. ఆ మాటకొస్తే న్యూజెర్సీ ఆవిడ కూడా చివరికి విల్లా కొంది. హైదరాబాదులో ఉన్న తమ్ముణ్ణి సైటుకు పంపి, వాచ్‌మన్‌ని అడిగించి, కుళాయి తిప్పించి మరీ కొంది. అయినా మా బావ రిపోర్టులో అది పదకొండో మెయిలు ఖాతాలో పడింది.

ఈ విద్యకు మూలపురుషుడు గ్యారీ థర్క్ అనే అమెరికన్. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో మార్కెటింగ్ చేసేవాడు. 1978 మే 3న అర్పానెట్‌లో దాదాపు 400 మందికి కంప్యూటర్ల ప్రకటన ఒకేసారి పంపి, చీవాట్లు తిన్నాడు. ఈ కథ చెబితే మా బావ నిట్టూర్చాడు, "అంతా బాగుంది కానీ ఫాలో అప్ పంపలేదోయ్" అని.

చీవాట్లతో ఆగకపోతే చట్టాలు వచ్చాయి. వాణిజ్య మెయిలు అందుకున్నవాడు వద్దంటే 10 పనిదినాల్లో ఆపాలని అమెరికా 2003లోనే చట్టం చేసింది. దాన్ని మా బావ అక్షరాలా పాటిస్తాడు, మెయిలు అడుగున అన్‌సబ్‌స్క్రైబ్ అని లేతబూడిద రంగులో, చీమ తలకాయంత అక్షరాల్లో రాసి. 2024 నుంచి జీమెయిల్, యాహూ ఆ ఆట కూడా కట్టించాయి. రోజుకు వేలల్లో మెయిళ్ళు పంపేవాళ్ళు ఒక్క నొక్కుతో బయటపడే దారి పెట్టాల్సిందే. స్పామ్ అని ఫిర్యాదు చేసేవాళ్ళు 0.3 శాతానికి చేరితే, అంటే వెయ్యికి ముగ్గురైతే, మిగతావాళ్ళకి పంపినవి కూడా ఇన్‌బాక్సు దాకా చేరడం కష్టం. ఆయన భయపడేది ఆ ముగ్గురికే. వద్దన్నవాడంటే ఆయనకి కోపం లేదు, పైగా లెక్క శుభ్రమైందంటాడు. ఆయన జీతం నడిచేది అవుననీ కాదనీ చెప్పని మిగతావాళ్ళ మీద.

కాబట్టి మీరు కూడా ఎక్కడైనా గిన్నెలో కార్డు వేసి ఉంటే ఒక మాట. కొనే ఉద్దేశం ఉంటే మెయిళ్ళు పక్కన పెట్టి, రెరా రిజిస్ట్రేషన్ నంబరు సరిచూసుకుని, సైటుకు వెళ్ళి కుళాయి తిప్పి చూడండి. ఉద్దేశం లేకపోతే అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కండి, మొహమాటపడాల్సిన పనేమీ లేదు, అవతల మొహమే లేదు. ఈ రెండూ చెయ్యకుండా ఊరుకుంటే మాత్రం, ఆ తర్వాత వచ్చే మెయిళ్ళకి పూచీ మా బావది కాదు.