బూడిదకు పదిహేను కోట్లు

2019 ఫిబ్రవరి 23న బెంగళూరులోని యలహంక వైమానిక స్థావరం దగ్గర, ఏరో ఇండియా విమాన ప్రదర్శన చూడ్డానికి వచ్చినవాళ్లు బండ్లు నిలిపిన మైదానంలో ఎండుగడ్డి అంటుకుని దాదాపు 300 కార్లు కాలిపోయాయి. అలాంటి కార్లకు వెల ఎలా కట్టాలో బీమా పాలసీ కాగితం వెనకే అచ్చువేసి ఉంటుంది. బండికి ఏడాది దాటితే ధరలో 20 శాతం కోత, రెండేళ్లు దాటితే 30, నాలుగేళ్లు దాటితే సగం. మిగిలిన ఇనుము తుక్కు కింద పోతుంది. ఆ కారులో ఎవరి పెళ్లి ఊరేగింపు జరిగిందో, స్టీరింగు వెనక ఏ మహానుభావుడు కూర్చున్నాడో సర్వేయరు అడగడు. సరిగ్గా నాలుగున్నరేళ్లకు, 2023 ఆగస్టులో, కాలిఫోర్నియాలోని మాంటెరేలో ఆర్.ఎం. సదబీస్ సంస్థ మరో కాలిన కారును పాటకు పెట్టింది. అది 1954 నాటి ఫెరారీ 500 మొండియాల్. అరవయ్యో దశకంలో ప్రమాదంలో కాలి, నలిగి, తొక్కిన అట్టపెట్టెలా మిగిలిన అల్యూమినియం ముద్ద. పాట 18.75 లక్షల డాలర్ల దాకా వెళ్లింది, అంటే మన లెక్కలో 15 కోట్లకు పైమాటే. ఏనుగు బతికినా వెయ్యే చచ్చినా వెయ్యే అన్న మన పెద్దలు ఈ ఇటలీ ఏనుగును చూసి ఉంటే ఆ రేటును కాస్త సవరించుకునేవారు.

ఇంతకీ ఆ 15 కోట్లు దేనికి? తలుపులకు కాదు, అవి వంగిపోయాయి. చక్రాలకు కాదు, ఆ కారు కదలదు. ఇంజిన్‌కా అంటే, దానితో ఇచ్చింది వేరే రకం ఫెరారీది. మిగిలింది ఛాసిస్ నంబరు, దాన్ని పట్టుకుని వేలాడుతున్న కథ. ఆ కారు 1954లో మిల్లే మిలియా పందెంలో పరుగెత్తింది. కొన్నవాడికి దక్కింది ఆ సంగతి రాసుకునే హక్కు. వేలం కంపెనీల నిపుణులు మాత్రం ఈ మాట ఇంత సూటిగా చెప్పరు. వాళ్ల కేటలాగులో తుప్పును పటీనా అంటారు, దుమ్మును ఒరిజినాలిటీ అంటారు, ఎన్ని చేతులు మారిందో చెబుతూ ప్రొవెనెన్స్ అంటారు. 2015లో పారిస్‌లో ఆర్ట్‌క్యురియల్ సంస్థ పెట్టిన పాట చూడండి. ఫ్రాన్స్‌లో ఒక పల్లెటూరి షెడ్డులో, పాత పత్రికల కట్టల కింద దశాబ్దాలు పడి ఉన్న ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్ అది. దాన్ని దొరికినది దొరికినట్టే, దుమ్ముతో సహా జనం ముందు పెట్టారు. ఒకప్పుడు నటుడు అలెన్ డెలాన్ దగ్గర ఉన్న కారు. ధర 1.63 కోట్ల యూరోలు. మన ఇళ్లలో ఆ పత్రికల కట్టలు కాగితాలవాడికి కిలో లెక్కన పోతాయి. అక్కడ కారు మీద పడుండటంవల్ల అవి కూడా చరిత్ర అయ్యాయి.

నిపుణుల వాదన ప్రకారం కథే విలువ అయితే, మన బెంగళూరుకు కథలు తక్కువా? 2023 నవంబర్ 28న ఆదాయపు పన్ను శాఖ ఇక్కడ సుకేష్ చంద్రశేఖర్ వాహనాలు పన్నెండింటిని వేలానికి పెట్టింది. అతను చెల్లించాల్సిన పన్ను 300 కోట్లకు పైనే. జైలు నుంచి సాగించాడంటున్న మోసాలు, సినిమా తారలకు పంపాడంటున్న కానుకలు, పేపర్ల నిండా ఏళ్ల తరబడి అతని బొమ్మలు. ఇంత ప్రొవెనెన్స్ ఏ ఫ్రెంచి నటుడి కారుకుంది? అయినా అందులోని లాంబోర్గినికి కనీస ధర దాదాపు 38 లక్షల 50 వేలు పెట్టారు. మాంటెరే బూడిద ధరకు ఇలాంటి లాంబోర్గినిలు నలభై దాకా వస్తాయి. అందగాడి చేతి చెమట విలువైనదనీ, కేసుల్లో ఇరుక్కున్నవాడి చేతి చెమట తుడిచేయదగ్గదనీ తేల్చే కొలబద్ద ఏదో ఏ నిపుణుడూ చెప్పడు. ఏ కథ పనికొస్తుందో పాట ముగిశాకే తెలుస్తుంది. ముగిశాక చెప్పడానికి నిపుణుడెందుకు?

కనీస ధర వేరు, చివరి పాట వేరు అని ఎవరైనా అడ్డు తగలవచ్చు. నిజమే. అయితే ఆ కనీస ధర కూడా ఒక నిపుణుడు వెల కట్టి చెప్పిందే కదా. విజయ్ మాల్యా గారి ఎయిర్‌బస్ ఏ319 విమానానికి సేవా పన్ను శాఖ 2016లో పెట్టిన కనీస ధర 152 కోట్లు, వచ్చిన పాట కోటీ తొమ్మిది లక్షలు. ఆఖరికి 2018లో అది దాదాపు 35 కోట్లకు పోయింది. మన సర్కారు వారికి చేతకాలేదులే అనుకుందామంటే, అవతల తెల్లచొక్కాల వేలం సంస్థలూ అంతే. 2023 నవంబర్‌లో న్యూయార్క్‌లో ఒక 1962 ఫెరారీ 250 జీటీవోను పాటకు పెట్టేముందు 6 కోట్ల డాలర్లు దాటుతుందన్నారు. చివరికి తేలింది 5.17 కోట్లు, అదీ కమీషన్‌తో కలిపి. 80 లక్షల డాలర్లకు పైగా తప్పిన అంచనాను మన్నించి దాన్ని శాస్త్రం అంటున్నారు. ఇదే యలహంకలో 1984 నుంచి రైలు చక్రాల కర్మాగారం నడుస్తోంది. అక్కడ చక్రం బయటికి రావాలంటే అల్ట్రాసోనిక్ పరీక్షలో నెగ్గాలి. పగులుంటే పగులుందని తేలుతుంది, కింద ఏ హీరో సంతకమున్నా సరే. వెల కట్టడమంటే కొలవడం అనే మొరటు నమ్మకం ఆ కర్మాగారం గేటు దగ్గరే ఆగిపోయినట్టుంది.

ఇక అరుదైనవి కాబట్టి అంత ధర అంటారు. 250 జీటీవోలు తయారైనవే 36, ఒప్పుకుందాం. కానీ లోకంలో 36 కన్నా తక్కువున్న వస్తువులు కోట్లున్నాయి, వాటిలో చాలావాటికి పాట పాడేవాడే దొరకడు. అరుదుతనం కోరేవాడు ఉన్నప్పుడే పనిచేస్తుంది. కోరేవాడు ఎందుకు కోరుతున్నాడంటే, రేపు ఇంకొకడు కోరతాడని. 1988 ఆగస్టులో ఎంజో ఫెరారీ కన్నుమూశాడు. ఆయన ఇక కార్లు చేయడన్న బెంగతో, కారు స్టార్ట్ కూడా చేయనివాళ్లు ఎగబడి కొన్నారు. రెండు మూడేళ్లలో ధరలు కుప్పకూలాయి. ఈలోగా ఆ కార్లలో ఒక్క బోల్టూ మారలేదు. మార్కెట్ చెప్పిందే విలువ అనేవాళ్లు అప్పుడు ఏ విలువను నమ్మారో, కూలిన తర్వాత ఏ విలువను నమ్మారో చెప్పాలి. పైగా అమ్మేవాడి కనీస ధర వచ్చేవరకు వేలందారే గోడ వైపు చూస్తూ అమ్మేవాడి తరఫున పాట పెంచడం అమెరికాలో నిబంధనల్లో ముందే చెప్పి చేసే వ్యవహారం. గోడ పాడిన పాటను కూడా మార్కెట్ అభిప్రాయం అనుకోవాలేమో.

అన్నిటికన్నా గట్టి వాదన, ఇవి చక్రాలున్న కళాఖండాలనేది. మంచిదే. అయితే మన ఆదాయపు పన్ను చట్టం వ్యక్తిగత వాడకంలోని వస్తువుల్ని మూలధన ఆస్తుల లెక్కలోంచి తప్పించింది, నగలు, చిత్రాలు, శిల్పాలు, ఇతర కళాకృతులకు మాత్రం ఆ మినహాయింపు ఇవ్వలేదు. చిత్రం అమ్మి లాభపడితే పన్ను కట్టాలి, సొంత కారు అమ్మి లాభపడితే అక్కర్లేదు. ఫెరారీని పికాసోతో పోల్చే పెద్దమనుషులెవరైనా, కళ కనుక లాభంమీద పన్ను తీసుకోండని యలహంక నుంచో జూబ్లీహిల్స్ నుంచో రిటర్ను వేస్తే వాళ్ల కళాభిమానాన్ని నమ్మవచ్చు. పాటలో కళ, పన్ను కాగితంలో సొంత సామాను. పెట్టుబడి అనే మాట కూడా ఇంతే. లాభమొస్తే పెట్టుబడి, రాకపోతే అభిరుచి.

డబ్బున్నవాళ్ల సరదా, మధ్యలో మనకేంటి అంటారా? వాళ్లలో వాళ్లు బూడిద కొనుక్కుంటే మనకేమీ లేదు. ఆ భాషే ఇక్కడికి దిగి, హెబ్బాళ నుంచి యలహంక మీదుగా నందికొండల దాకా ఆదివారాలు ఉరిమే బండ్ల అమ్మకాల్లో చేరినప్పుడు మాత్రం సంగతి వేరు. మన దేశంలో ఇటాలియన్ కారు ధరలో కథ కన్నా పన్నే ఎక్కువ. సచిన్ టెండూల్కర్‌కు ఫెరారీ 360 మోడెనా కానుకగా వచ్చినప్పుడు కారు విలువ 75 లక్షలు, దాని మీద పడిన సుంకం 1.13 కోట్లు, దేశమంతా గొడవ పడింది ఆ సుంకం ఎవరు కట్టాలనే. కర్ణాటకలో 20 లక్షలు దాటిన కారుకు 18 శాతం జీవితకాలపు పన్ను. దాన్ని తప్పించుకోవడానికి వేరే రాష్ట్రం నంబరు ప్లేటు వేసుకుని తిరుగుతున్న ఫెరారీలు, పోర్షేలు, ఇతర ఖరీదైన కార్లు ముప్పై దాకా 2025 ఫిబ్రవరిలో బెంగళూరులో రవాణా శాఖకు చిక్కాయి. అదే ఏడాది జులైలో మహారాష్ట్ర ప్లేటుతో తిరుగుతున్న ఒక ఫెరారీ ఎస్‌ఎఫ్90 యజమాని ఒకే దెబ్బలో 1.42 కోట్లు కట్టాడు. సుకేష్ లాంబోర్గిని కనీస ధరకు అది మూడు రెట్లకు పైన. ఏ కేటలాగులోనూ ఈ పేజీ ఉండదు. తక్కువ తిరిగిన బండి, ఒకే యజమాని, ఫ్యాక్టరీ రంగు అన్నీ ఉంటాయి, తక్కువ తిరిగినందుకు ఎక్కువ ధరా ఉంటుంది. కారు చేయాల్సిన పని చేయనందుకు ఇచ్చే బహుమతి అది.

కాబట్టి యలహంకలోనో ఇంకెక్కడో వేలంలో ఇటాలియన్ కారుకు చెయ్యెత్తబోతున్న మిత్రులారా, నిపుణుడి అంచనా మడిచి జేబులో పెట్టుకోండి. ముందు ఆర్.సి. మీద ఏ రాష్ట్రముందో చూడండి, ఇంజిన్, ఛాసిస్ నంబర్లు కాగితంతో సరిపోయాయో చూడండి, ఆర్టీవో ఆఫీసుకు వెళ్లి పన్ను బకాయి ఎంతో రాతపూర్వకంగా తీసుకోండి. ఆ కారు గురించి మీరు వినబోయే అంకెలన్నిటిలో గుమాస్తా రాసిచ్చే ఆ ఒక్క అంకెలోనే ఎవరి కవిత్వమూ ఉండదు.