ఎనిమిది లక్షల కోట్ల నెయిల్ పాలిష్

"సాబ్, జల్దీ రండి. మీ కంప్యూటర్ మా దుకాణం ముంచేసింది!" లాడ్ బజార్ నుంచి గాజుల సేఠ్ ఫోను.

చార్మినార్ దాకా బండి మీద, అక్కణ్ణుంచి జనంలో కొట్టుకుపోతూ వెళ్ళి చూద్దును కదా, బిల్లులో ఒక నెయిల్ పాలిష్ సీసా ధర 8 లక్షల 90 వేల కోట్ల పైచిలుకు! తెలంగాణ 2025–26 బడ్జెట్టే 3 లక్షల కోట్ల చిల్లర. రాష్ట్రం మూడేళ్ళు చాయ్ కూడా మానేసి కూడబెడితే గానీ ఆ సీసా రాదు.

"నక్కో సాబ్, ఇంత బోణీ నాకొద్దు" అన్నాడు సేఠ్.

నేరం బార్‌కోడ్ స్కానర్‌ది కాదు. దాన్ని మనం మేధావి అనుకుంటాం గానీ, కంప్యూటర్ లెక్కలో అది ఇంకో కీబోర్డు. గీతలు చదివి, 13 అంకెలూ టకటకా కొట్టి, చివర ఎంటర్ నొక్కుతుంది. ఎక్కడ కొడుతున్నానన్న ధ్యాస దానికుండదు; కర్సర్ ఎక్కడుంటే అక్కడే. దుకాణం కుర్రాడు ధర మార్చుదామని ఆ గడిలో క్లిక్ చేశాడు. ఇంతలో ఇరానీ చాయ్ వచ్చింది. చాయ్ అయ్యాక సీసా స్కాన్ చేశాడు. మన దేశపు బార్‌కోడ్ 890తో మొదలవుతుంది కదా, అదే ధరయి కూచుంది. ఆ బిల్లుల ప్రోగ్రాం నేనే మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో రాశాను. కోడ్ గడిని నంబర్ రకంగా పెడితే 214 కోట్లు దాటగానే కక్కేస్తుందని దాన్ని తెలివిగా టెక్స్ట్ చేశాను. ధర గడి పొట్ట మాత్రం పెద్దది, 15 అంకెలదాకా మింగుతుంది. ఆ సంగతి మర్చిపోయాను.

దీనికి మందు స్కానర్‌తో వచ్చిన పుస్తకంలో దొరికింది. అందులోని ఒక గీతల బొమ్మని దానికే చూపిస్తే, ప్రతి కోడుకు ముందు ఎవరూ వాడని ఒక ఫంక్షన్ కీ నొక్కడం నేర్చుకుంది. ఆ చప్పుడు వినగానే నా బిల్లు ఫారం కర్సర్‌ని చెవి పట్టుకుని కోడ్ గడిలోకి లాక్కొస్తుంది.

అయిపోయిందనుకున్నానా? హైదరాబాద్ లక్క గాజులకి 2024లో జీఐ గుర్తింపు వచ్చింది గానీ, బట్టీ దగ్గర చేత్తో చేసిన గాజుకి గీతలెవరు గీస్తారు? అందుకని ఇంగ్లీషులో KL0042 అంటూ నేనే బార్‌కోడ్ లేబుళ్ళు అచ్చేశాను. ఓ రోజు ఎవరి పేరో తెలుగులో కొట్టడానికి కంప్యూటర్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టి, తీయడం మరిచాను. స్కానర్ కీబోర్డే కదా, లేబులు చదివి "ఖథ0042" అని రాసింది.

"సార్, కథకి ఇన్ని వత్తులెందుకు?" అన్నాడు కుర్రాడు. వాడు తెలుగు మీడియం.

మూడో తంటా మరీ విచిత్రం. ఒకటి స్కాన్ చేశాక కర్సర్ అదే గడిలో ఉండాలి, రెండోది స్కాన్ చేయాలి కదా. "ఇక్కడే ఉండు" అని ప్రోగ్రాంలో రాస్తే వినదు. ఎంటర్ పడగానే పక్క గడికి పోతుంది. ఆఖరికి ముందు వేరే గడికి పంపి, అక్కణ్ణుంచి వెనక్కి పిలిస్తే వచ్చింది. మా అమ్మమ్మ ఎవర్నీ "వెళ్తాను" అననిచ్చేది కాదు, "వెళ్ళొస్తాను" అనాలి. యాక్సెస్‌కీ అదే పట్టింపు.

1974లో అమెరికాలోని ట్రాయ్ ఊళ్ళో అంగట్లో ఈనాటి రకం బార్‌కోడ్‌తో మొట్టమొదట స్కాన్ చేసింది ఒక చ్యూయింగ్ గమ్ ప్యాకెట్టుని. ఆనాటినుంచీ ఈ యంత్రం నములుతూనే ఉంది. లాడ్ బజార్‌లో దానికి దొరికింది నా బుర్ర.

స్కానర్ కొనేవాళ్ళకి నా మాట ఒకటే. బీప్ అంటే "చదివాను" అని మాత్రమే. "సరైన చోట రాశాను" అని కాదు. బీప్ విన్నాక తెర చూడండి. చాయ్ ఆ తర్వాత తాగండి.