గుంటలా, సెంట్లా?

నా పేరు వాల్యూ. రస్ట్ భాషలో జేసన్ డేటాను చదివే సెర్డే జేసన్ లైబ్రరీ నా పుట్టిల్లు. రస్ట్‌లో ఏ విలువ ఏ రకమో కంపైల్ అయ్యేనాటికే తేలిపోవాలి. నాకు మాత్రం ఆరు రూపాలు: ఖాళీ, అవును-కాదు, సంఖ్య, అక్షరాలు, జాబితా, పేరూ విలువల జతలు. బయటి నుంచి ఏమొస్తుందో ముందుగా తెలియని చోట నన్ను పిలుస్తారు.

మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు లెక్కల ప్రోగ్రాంలో నా కొలువు. సూర్యాపేట, కోదాడ వైపుల నుంచి ధాన్యం లారీలు వచ్చేలోపే రైతుల వివరాలు నన్ను చేరతాయి. తేమ ఒకరిది 17, ఇంకొకరిది "17%". సర్వే నంబరు ఒకరిది 212, పక్క పొలానిది 212/అ. అన్నీ నాలో ఇముడుతాయి. నా భయమంతా విస్తీర్ణం దగ్గరే.

సూర్యాపేట రైతు పాసుపుస్తకంలో 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు. కోదాడ దాటి రాష్ట్ర సరిహద్దు అవతల, జగ్గయ్యపేట వైపు పొలమున్నవారి కాగితంలో అదే 2.20 రెండెకరాల ఇరవై సెంట్లు. ఎకరానికి గుంటలు 40, సెంట్లు 100. ఒకదాన్ని మరొకటిగా చదివితే 12 గుంటల నేల తేడా! గుంటల్లో 2.20కి 1.30 కలిపితే 4.10 రావాలి, మామూలు సంఖ్యలుగా కూడితే 3.50 వస్తుంది. పైగా సంఖ్యగా పంపితే చివరి సున్నా రాలిపోయి, 2.20 కాస్తా 2.2 అవుతుంది. అప్పుడది ఇరవై గుంటలో రెండు గుంటలో ఎవరు చెప్పాలి?

సి షార్ప్ భాషలో 2010లో డైనమిక్ అనే రకం వచ్చింది, వరసకు నాకు దగ్గరిదే. దాంతో చేసిన పొరపాటు ప్రోగ్రాం నడిచేటప్పుడు గానీ బయటపడదు. అందుకే ఇక్కడ ప్రోగ్రాం రాసిన అమ్మాయి నన్ను గుమ్మం దాటి లోపలికి రానివ్వలేదు. విస్తీర్ణాన్ని అక్షరాలుగానే, రాష్ట్రం పేరుతో సహా తెప్పించింది. లోపల విస్తీర్ణం అనే కొత్త రకం కట్టి, దానికి గుంటలు, సెంట్లు అని రెండే రూపాలిచ్చింది. ఏ రూపానికి ఏం చేయాలో చెప్పే మ్యాచ్ రాసేటప్పుడు సెంట్ల సంగతి మరిచిపోతే కంపైలర్ అక్కడే ఆపేస్తుంది. గుంట 121 చదరపు గజాలు, సెంటు 48.4. చదరపు గజంలో పదోవంతును కొలతగా పెట్టుకుంది కాబట్టి గుంట 1210, సెంటు 484. దశాంశాల బెడదే లేదు.

గుంటల లెక్కలో 2.45 వస్తే, నలభై దాటిన గుంటలుండవు గనుక, ఆ వరుస గుమస్తా దగ్గరికి తిరిగి వెళ్తుంది. రాష్ట్రం పేరు లేకపోయినా అంతే. ప్రోగ్రాం ఊహించి నింపదు. ఆయన రైతుకు ఫోన్ చేసి, పాసుపుస్తకం చూసి చెప్పమంటాడు.