ఇచ్చట ప్రతిభ వెలికితీయబడును

ఏప్రిల్ రెండో వారం నుంచి పేపరు బరువెక్కుతుంది. వార్తలు పెరిగి కాదు. మడత విప్పగానే ఒళ్లో జారిపడే రంగురంగుల కరపత్రాల వల్ల. హైదరాబాదులో నిజాంపేట నుంచి నాగోలు దాకా, విజయవాడ బెంజి సర్కిల్ నుంచి విశాఖ ఎంవీపీ కాలనీ దాకా, కరపత్రం మారుతుంది గానీ మాట మారదు. మీ చిన్నారిలో దాగి ఉన్న ప్రతిభను పదిహేను రోజుల్లో వెలికితీస్తాం! పక్కన ఒక పిల్లవాడి బొమ్మ. కళ్లజోడు, చేతిలో భూతద్దం, తల మీద వెలుగుతున్న బల్బు. ఆ బల్బు కరెంటు బిల్లు ఎంతో కింద అతి చిన్న అక్షరాల్లో ఉంటుంది, ‘షరతులు వర్తిస్తాయి’ పక్కన.

తెలంగాణలో ఈమధ్య బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా ఇస్తున్నారు. అంటే 49 రోజులు. ఆంధ్రలోనూ ఒకటి రెండు రోజులు అటూఇటూగా అంతే. ఇన్ని రోజులు పిల్లలు ఊరికే కూర్చుంటారేమోనని కన్నవాళ్లకంటే క్యాంపు డైరెక్టర్లకే బెంగ ఎక్కువ. అందుకే అబాకస్, రోబోటిక్స్, ఫోనిక్స్, చేతిరాత, ఆరేళ్ల వాళ్లకి కోడింగ్. 1965లో అచ్చయిన ఒక పుస్తకంలోని కిటుకులకు ఏకంగా వేదాల వయసు తగిలించి వేదగణితం. పర్సనాలిటీ డెవలప్‌మెంట్ సరేసరి. పాలపళ్లు ఇంకా ఊడని వాడికి పర్సనాలిటీ ఎక్కడిదని అడగకూడదు.

అమెరికాలో 1861లో కనెటికట్ రాష్ట్రంలో ఫ్రెడరిక్ గన్ అనే బడిపంతులు తన బడి పిల్లల్ని సముద్రపు ఒడ్డుకి నడిపించుకుంటూ తీసుకెళ్లి, గుడారాల్లో ఉంచి, చేపలు పట్టించాడు, పడవలు నడిపించాడు. సమ్మర్ క్యాంపుల చరిత్ర చెప్పేవాళ్లు చాలామంది అక్కణ్నుంచే ఎత్తుకుంటారు. పిల్లల్ని నాలుగు గోడల్లోంచి బయటికి లాగడం ఆయన పని. మన దగ్గర ఆ పని ఎలా జరుగుతోందంటే, 23న ఏ గేటులోంచి పిల్లలు కేరింతలు కొడుతూ బయటపడ్డారో 25న అదే గేటులోంచి లోపలికి వెళ్తారు. అదే బడి, అదే బల్ల, అదే వాచ్‌మన్. యూనిఫాం మాత్రం మారింది. పసుపుపచ్చ టీషర్టు. దానికి డబ్బులు వేరే.

ఇంతకీ ఆ దాగిన ప్రతిభ ఎక్కడ దాగిందో తెలియాలి కదా, వెలికితీయడానికి? దానికి డీఎంఐటీ అని ఒక పరీక్ష ఉంది. పిల్లవాడి పది వేళ్లూ స్కానరుకి ఆనిస్తారు. కొన్నాళ్లకి స్పైరల్ బైండింగ్ వేసిన దళసరి రిపోర్టు చేతికొస్తుంది. సంగీతం ఇంత శాతం, లెక్కలు ఇంత శాతం, నాయకత్వం ఇంత శాతం. మూడో తరగతి పిల్ల ఎంపీసీలో చేరాలో బైపీసీలో చేరాలో కూడా అందులోనే తేలిపోతుంది. తెలివితేటలు చాలా రకాలని 1983లో హోవార్డ్ గార్డనర్ పుస్తకం రాసిన మాట నిజమే. వేళ్ల గీతల ఊసు ఆయన ఎత్తలేదు. ఈ పరీక్షతో తనకు ఏ సంబంధమూ లేదని చివరికి ఆయనే చెప్పుకోవాల్సి వచ్చింది. దీనికి శాస్త్రీయ ఆధారం లేదని మన దేశంలో మానసిక వైద్యుల సంఘం, ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ, 2019లోనే ప్రకటించింది. ఆ ప్రకటన పేపరు లోపలి పేజీలో పడితే, పరీక్ష కరపత్రం అదే పేపరు మడతలో వస్తుంది. మనం ముందు మడతే విప్పుతాం.

వేలిముద్రతో మనిషిని ఆనవాలు పట్టొచ్చని 1897లోనే కలకత్తాలో పోలీసులు బ్యూరో తెరిచారు. దొంగ ఎవరో వేలిముద్ర చెబుతూనే ఉంది. ఆ దొంగకి వీణ వస్తుందో రాదో ఇన్నేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు. మన రేషన్ షాపుల్లో ఈ-పోస్ మిషన్ల సంగతీ చూస్తున్నాం. నాట్లు వేసీ వేసీ, అంట్లు తోమీ తోమీ గీతలు అరిగిపోయిన అవ్వల వేళ్లని అవి గుర్తే పట్టవు. కరపత్రం లెక్కన ఆ అవ్వల తెలివంతా వరిమళ్లలోనూ అంట్లగిన్నెల్లోనూ కరిగిపోయిందన్నమాట.

మా వైపు బోరు వేయించే ముందు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగే పెద్దమనిషిని పిలుస్తారు. కాయ నిలువుగా లేచిన చోట నీళ్లున్నట్టు. స్కానరు వాళ్లకంటే ఆయనే నయం. ఆయన చూపించిన చోట రిగ్గు దింపితే తెల్లారేసరికి నీళ్లో దుమ్మో తేలిపోతుంది. అదే పిల్లవాడి నాయకత్వం తేలాలంటే పాతికేళ్లు పడుతుంది. ఈలోగా స్కానరు కంపెనీ బోర్డు ఎన్నిసార్లు మారుతుందో!

వేళ్ల దగ్గర ఆగితే ఒక ఎత్తు. కొందరు నేరుగా మెదడులోకే దిగుతారు. మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్. రెండు రోజుల వర్క్‌షాపు, చెవుల్లో ఏదో సంగీతం, ఆ తర్వాత కళ్లకు గంతలు కట్టినా పిల్లలు పుస్తకం చదివేస్తారు, రంగులు చెప్పేస్తారు, సైకిలు తొక్కేస్తారు. మధ్య మెదడు అనేది రెండు సెంటీమీటర్ల పొడవుండే ముక్క. కనుగుడ్లు తిప్పడం, వెలుగు పడితే కనుపాప కుంచించుకోవడం, చప్పుడైన వైపు తల తిప్పడం, మనిషి మెలకువగా ఉండటం, ఇలాంటివి అది చూసుకుంటుంది. మీ పిల్లవాడు కరపత్రం చూసి ‘నేను పోను’ అని పరుగెత్తాడంటే అది బ్రహ్మాండంగా పనిచేస్తున్నట్టే. నిజంగా అది పనిచేయకపోతే వాణ్ని చేర్చాల్సింది క్యాంపులో కాదు, ఐసీయూలో.

మరి గంతలతో ఎలా చదువుతున్నారు? ముక్కు పక్కన సందు ఉంటుంది. ఎంత బిగించి కట్టినా ముక్కు దూలం దగ్గర గుడ్డ పూర్తిగా అంటుకోదు. ఆ సందులోంచి కిందికి చూస్తే ఒళ్లో పుస్తకం కనిపిస్తుంది. మెజీషియన్లకి ఇది తాతలనాటి విద్య. అనుమానం ఉన్నవాళ్లు పుస్తకాన్ని పిల్లవాడి నుదుటికి ఎదురుగా పైకెత్తి పట్టుకుంటే చాలు, అప్పటిదాకా గలగలా చదివిన వాడు గుటకలు మింగుతాడు. మంగుళూరు హేతువాది నరేంద్ర నాయక్ ఊరూరా తిరిగి ఈ గుట్టు విప్పారు. మన దగ్గర జన విజ్ఞాన వేదిక వాళ్లూ గొంతు చించుకున్నారు. నిజంగానే కళ్లతో పని లేకుండా చదివించే విద్య ఉంటే, దాన్ని ముందు తీసుకెళ్లాల్సింది బేగంపేటలోని దేవనార్ అంధుల పాఠశాలకి. అటు ఒక్క డైరెక్టరూ అడుగు పెట్టడు. చూపు ఉన్న పిల్లలకే చూపు లేకుండా చూడటం నేర్పుతారట.

అన్నిటికంటే నాకు మండేది ఫీజు సంగతి కాదు. గంతలు కట్టుకున్న ఆ పిల్లవాడికి మొదటి రోజే తెలుసు, తను సందులోంచి చూస్తున్నానని. ఎదురుగా అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. నాన్న వీడియో తీస్తున్నాడు. డైరెక్టరు చప్పట్లు కొడుతున్నాడు. ఇంకేం చేస్తాడు వాడు? చదివేస్తాడు. పెద్దవాళ్లకి నిజంతో పని లేదని, వాళ్లు కోరుకున్నది చూపిస్తే చాలని ఆ ఏసీ హాల్లో కుర్చీలో కూర్చుని నేర్చుకుంటాడు. రెండు రోజుల్లో ఇంత పెద్ద పాఠం చెప్పిన క్యాంపు మరొకటి లేదు. కరపత్రంలో మాత్రం దీన్ని వేసుకోలేదు పాపం.

ఇవన్నీ వద్దు, ప్రకృతే ముద్దు అనేవాళ్లకీ సరుకు ఉంది. మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల దారుల్లో ఫామ్‌హౌసుల్లో పల్లె అనుభవం. ఎడ్లబండి ఎక్కిస్తారు, కుండ చేయిస్తారు, ఆవు పొదుగు ముట్టిస్తారు, బురదలో దొర్లిస్తారు. ఇంట్లో మట్టి అంటితే వీపు చిట్లగొట్టే తల్లే ఇక్కడ రసీదు తీసుకుని మరీ దొర్లిస్తుంది. దీన్ని చూడగానే ‘మా రోజుల్లో అమ్మమ్మగారి ఊళ్లో’ అని కలం తీసే కాలమిస్టులు ప్రతి మే నెలా బయల్దేరతారు. వాళ్ల మాటా నమ్మను. ఏ అమ్మమ్మ? ఆవిడ కూకట్‌పల్లిలో పదకొండో అంతస్తులో చిన్నదానికి జోల పాడుతోంది, కూతురికి ఆఫీసు తప్పదు కాబట్టి. ఊళ్లో ఇంటికి తాళం. పొలం కాస్తా వెంచరైంది, అందులో ఎవరో ఫామ్‌హౌసు కట్టారు, ఆ ఫామ్‌హౌసులో పల్లె అనుభవం క్యాంపు నడుస్తోంది. మనవడు డబ్బు కట్టి తన తాత పొలంలోకే వెళ్లొచ్చే రోజు ఎంతో దూరం లేదు.

నిజం చెప్పుకుందాం. అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగస్తులు. బయట 42 డిగ్రీలు. ఫ్లాటులో పిల్లవాడు, వాడి చేతిలో ఫోను. పూట గడవాలి. వాణ్ని ఎవరైనా మూడున్నర గంటలు చూసుకోవాలి. ఇది అవసరం, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ‘మీ పిల్లవాణ్ని తొమ్మిదింటి నుంచి పన్నెండున్నర దాకా భద్రంగా చూసుకుంటాం, ఫోను ఇవ్వం, తోటి పిల్లలతో ఆడుకోనిస్తాం, కొట్టుకుంటే విడదీస్తాం, మోకాలు దోక్కుపోతే మందు రాస్తాం’ అని ఒక్క కరపత్రం వేయమనండి, బేరమాడకుండా కట్టొచ్చు. వేయరు. ఆయా పనికి ఆయా జీతమే వస్తుంది. ఐన్‌స్టీన్ పేరు చెబితే ఐన్‌స్టీన్ ధర పలుకుతుంది.

ఆ ధర అడగనివీ ఉన్నాయి. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాలభవన్ ఉంది. పాట, ఆట, తబలా, బొమ్మలు, అన్నీ నామమాత్రపు రుసుముకే నేర్పుతారు. జీహెచ్‌ఎంసీ ఏటా వేసవిలో మైదానాల్లో క్రీడా శిబిరాలు పెడుతుంది, చాలా ఆటలకి ఫీజు పదుల రూపాయల్లోనే. మద్రాసు రేడియో రోజుల్లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, రేడియో అన్నయ్య, అక్కయ్య, బాలానంద సంఘం పెట్టి పిల్లల్ని పోగేసి పాడించారు, ఆడించారు. ఎవరి మెదడునీ యాక్టివేట్ చేస్తామనలేదు. ఈ ప్రభుత్వ శిబిరాల్లో లోపాలు లేవని కాదు. ఒకచోట నెట్ ఉండదు, ఇంకోచోట కోచ్ ఉండడు. కానీ గేటెడ్ కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో ఎవరైనా వీటి పేరెత్తి చూడండి. మొదటి ప్రశ్న ‘ఏసీ ఉందా?’ రెండోది ‘ఫీజు ఇంత తక్కువంటే ఏదో తేడా ఉందేమో?’ మూడోది అడిగే లోపే ఎవరో మిడ్‌బ్రెయిన్ వీడియో పంపుతారు.

ఇక ఆఖరి రోజు. పేరెంట్స్ డే. వేదిక మీద ఇరవై రోబోలు కదలాల్సింది, బ్యాటరీలు అయిపోయి నాలుగే కదిలాయి. ఒకమ్మాయి గంతలు కట్టుకుని పసుపు రంగు కాగితాన్ని పసుపు అంది, హాలు దద్దరిల్లింది. అందరికీ సర్టిఫికెట్. అందరికీ మెడల్. అందరూ ప్రథములే, ద్వితీయులన్న మాటే లేదు. అప్పుడు డైరెక్టరు మైకు అందుకున్నాడు. ‘పిల్లల్లో ప్రతిభ మేలుకుంది సార్. లెవెల్ టూ చేయించకపోతే మళ్లీ పడుకుంటుంది.’ ఇవాళే కడితే తగ్గింపు. తోబుట్టువుని చేరిస్తే ఇంకా తగ్గింపు.

‘తమ్ముడికి పది నెలలేనండీ’ అంది వెనక వరసలో ఒకావిడ, చంకలో వాణ్ని సర్దుకుంటూ.

‘పర్లేదు మేడమ్, వేలిముద్రలు కడుపులోనే వచ్చేస్తాయి కదా!’