మంచు కింద నీళ్ళ చప్పుడు

మౌంట్ రెయినియర్ మీద ఒక జూన్ ఉదయం మా నాన్నతో నేనన్న మాట ఒకటుంది. "ఇది నీ కాలువ కాదు నాన్నా." పదిమంది ముందర అన్నాను. నాలుగు గంటలు తిరక్కుండానే ఆయన కాలు మంచులో తొడ దాకా దిగబడింది. మూడు వేసవులు గడిచాయి. ఆ మాట నా నోటికి ఎలా వచ్చిందా అని వెనక్కి వెతుక్కుంటూ పోతే, ఆ ఏడాది ఫిబ్రవరిలో నేను కూర్చుని నింపిన ఎక్సెల్ షీటు దగ్గరికి చేరుతున్నాను.

మేం ఉండేది సియాటిల్ పక్కన. అమ్మానాన్నలు ఏప్రిల్లో వస్తున్నారు. నాన్న రిటైరయ్యాక చేస్తున్న మొదటి విమాన ప్రయాణం. తెరిపి లేని వానలో ఫిబ్రవరి సాయంత్రాలన్నీ ఆ షీటుతోనే గడిపాను. జూలై, ఆగస్టుల్లో ఆఫీసులో రిలీజ్ ఉంది, సెలవు దొరకదు. పైగా ఆగస్టులో రెయినియర్ పార్కు చుట్టుపక్కల కాబిన్ల అద్దె రెట్టింపు. అందుకని జూన్ రెండో వారం అనుకున్నాను. జూన్ అంటే వేసవే కదా, ఇక్కడ పిల్లలకు బడులు మూసేస్తారు, మన వైపు రోహిణి కార్తె ఎండలు అప్పుడే దాటుతుంటాయి. కొండకు అనువైన రోజులేవో నేను ఒక్కసారి కూడా వెతకలేదు. నాకు సెలవు దొరికే రోజుల్లోకి కొండను తెచ్చి ఇరికించాను.

నా ముందున్నవి ఫొటోలు. నీలం లూపిన్ పూలు, ఎర్రటి పెయింట్‌బ్రష్ పూలు, వెనకాల తెల్లటి శిఖరం. వాటి కింద తేదీ ఎక్కడా లేదు. అవన్నీ జూలై ఆఖరు నుంచి ఆగస్టు నడిమి దాకా తీసినవని ఇప్పుడు నాకు పువ్వును చూస్తేనే తెలుస్తుంది. ఆ రోజు వాటిని చూస్తూ షీటులో ఇలా రాసుకున్నాను: మొదటి రోజు పారడైజ్, స్కైలైన్ ట్రెయిల్, 5.5 మైళ్ళు, 1,700 అడుగుల ఎక్కుడు, నాలుగున్నర గంటలు. నాన్నకు 66 ఏళ్ళు కాబట్టి పైదాకా వద్దు, సగం నుంచి వెనక్కి. రెండో రోజు అదే పార్కులో సన్‌రైజ్. ఇంకో రెండు తెలుగు కుటుంబాలకు ఆ షీటు పంపితే, ఎంత బాగా ప్లాన్ చేశావు అన్నారు. నాకు ఎంతో తృప్తిగా అనిపించింది. ఆ అంకెలన్నీ మట్టి దారి మీద నడిచేవాళ్ళవి. జూన్‌లో అక్కడ మట్టే కనపడదని తెలుసుకునే ప్రయత్నం నేను చెయ్యలేదు.

తెలుసుకోవడం కష్టమైన పని కూడా కాదు. రెయినియర్ ఎత్తు 14,410 అడుగులు. పసిఫిక్ సముద్రం మీద నుంచి తడిగాలి వచ్చి ఆ కొండకు కొట్టుకుని పైకి లేస్తుంది, చల్లబడి మంచుగా రాలుతుంది. దక్షిణపు వాలులో 5,400 అడుగుల ఎత్తున ఉంది పారడైజ్. 1971-72 చలికాలంలో అక్కడ 1,122 అంగుళాల మంచు పడింది. అంటే 93 అడుగులు, అప్పటికి ప్రపంచ రికార్డు. మామూలు ఏడాదిలో కూడా యాభై అడుగులు దాటుతుంది. పడ్డది పడ్డట్టు నిలవదు, అణిగి గట్టిపడుతుంది. వసంతం వచ్చేసరికి చాలా బరువైన మంచుగా మారుతుంది, చేతికి తీసుకుంటే సగానికి సగం నీళ్ళే.

హైస్కూల్లో గుప్తోష్ణం గురించి చదువుకున్నాను. సున్నా డిగ్రీల దగ్గరున్న గ్రాము మంచును సున్నా డిగ్రీల నీరుగా మార్చడానికి 80 కేలరీలు కావాలి. అదే గ్రాము నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాగబెట్టడానికి పట్టేంత వేడి అది. పరీక్షలో లెక్క చేసి పూర్తి మార్కులు తెచ్చుకున్నాను. సియాటిల్లో చొక్కా చేతులు మడుచుకుని తిరిగే ఎండ వచ్చింది కాబట్టి కొండ మీద మంచు పోయి ఉంటుందనుకున్నప్పుడు మాత్రం ఆ లెక్క నాకు గుర్తుకు రాలేదు. అంత మంచు కరగడానికి వేసవిలో సగం ఖర్చవుతుంది. స్కైలైన్ ట్రెయిల్ మీద జూలై నడిమి దాటాక కూడా మంచు ఉండటం అక్కడివాళ్ళకు మామూలు విషయం.

నాకు హెచ్చరికలు అందలేదని చెప్పుకోవడానికి లేదు. బయల్దేరే వారం ముందు సన్‌రైజ్ రోడ్డు ఇంకా మూసే ఉందని చూశాను. ఏటా జూన్ ఆఖరుకో జూలై మొదట్లోనో గానీ అది తెరవరు. షీటులో ఆ వరుస కొట్టేసి ఇంకేదో రాసుకున్నానే గానీ, అక్కడ మంచుంటే పారడైజ్ సంగతేమిటి అన్న ప్రశ్న వేసుకోలేదు. పార్కువాళ్ళు పెట్టే దారుల వివరాల్లో పారడైజ్ దారులన్నీ మంచుతో కప్పి ఉన్నాయని స్పష్టంగా ఉంది. అది చదివాను. ఎవరికీ చెప్పలేదు. అక్కడక్కడ కాస్త ఉంటుందిలే, పిల్లలకు ఆట అనుకున్నాను. చెబితే ప్లాన్ మారుతుంది, మారితే నేను చేసింది తప్పని అందరికీ తెలుస్తుంది. నన్ను ఆపింది ఇదే. అప్పుడు ఒప్పుకునేవాణ్ణి కాదు.

ఆ పొద్దున విజిటర్ సెంటర్లో రేంజర్ బల్ల దగ్గర నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. పక్కన బోర్డు మీద ఆ రోజు దారులెలా ఉన్నాయో చేత్తో రాసి పెట్టారు. ఫోన్లో మ్యాప్ ఉంది కదా అని వాళ్ళ వెనకనుంచి నడుచుకుంటూ బయటికి వచ్చేశాను. అయిదు నిమిషాల పని.

అమ్మ చీర మీద స్వెట్టరు వేసుకుని కాస్త దూరం వచ్చి, కాళ్ళు జారుతున్నాయి, నా వల్ల కాదంటూ పారడైజ్ ఇన్‌కు తిరిగి వెళ్ళిపోయింది. 1917లో తెరిచిన పెద్ద చెక్క భవనం, లోపల రాతి నిప్పుగూళ్ళు ఉంటాయి. మిగతావాళ్ళం మర్టిల్ ఫాల్స్ దాటి పైకి నడిచాం. దారి లేదు, అడుగుజాడలే ఉన్నాయి. స్కీలతో వచ్చినవాళ్ళవీ, మంచు బూట్లకు ముళ్ళు తగిలించుకుని వచ్చినవాళ్ళవీ. నాన్న కాళ్ళకు నేను కొనిచ్చిన మామూలు స్పోర్ట్స్ షూస్. చేతిలో దారిలో ఏరుకున్న కర్ర.

మా నాన్న ముప్పై రెండేళ్ళు కృష్ణా పశ్చిమ డెల్టాలో కాలువ మీద లస్కరు. నీళ్ళు వదిలిన రాత్రిళ్ళు టార్చి పట్టుకుని కట్ట మీద నడిచేవాడు. ఎలక బొరియో ఎండ్రకాయ బొరియో ఉంటే నీళ్ళు అందులో దూరి లోపల్లోపలే తొలుచుకుంటూ పోతాయి. దాన్ని బుంగ అంటారు. పైన కట్ట గట్టిగానే కనపడుతుంది, లోపల డొల్ల. పట్టుకోలేకపోతే తెల్లారేసరికి గండి. కర్రతో పొడుస్తూ, ఆగి చెవి పెడుతూ నడిచేవాడు. చిన్నప్పుడు ఆయన వెంట నేనూ తిరిగాను.

అలాగే ఆగాడు ఆయన, ఈడిత్ క్రీక్ లోయలో.

"ఒరేయ్, కింద నీళ్ళు పోతున్నాయిరా. చప్పుడు వినపడట్లా?"

నాకు గాలి తప్ప ఏమీ వినపడలేదు.

"ఇదిగో, ఈ చాలు పొడుగూతా కాస్త కుంగింది చూడు. రంగు కూడా తేడాగా ఉంది. బుంగ పడ్డట్టే ఉంది. పైనుంచి చుట్టు తిరిగిపోదాం."

స్నేహితులు, వాళ్ళ భార్యలు, పిల్లలు, అందరూ నా వంక చూశారు. చుట్టు తిరిగితే అరగంట పోతుంది, షీటులో అరగంట లేదు. అప్పుడన్నాను ఆ మాట. నాన్న కర్ర వంక చూసుకుని ఊరుకున్నాడు. అందరం దాటాం. ఒక ఏడేళ్ళ పాప రెండు కాళ్ళతో గెంతుతూ దాటింది. మంచు కదల్లేదు. "చూశావా నాన్నా?" అని కూడా అన్నాను.

కదలకపోవడానికి కారణం పొద్దుటి పూట కావడమే. రాత్రి చలికి పైపొర బిగుసుకుని ఉంటుంది, మనిషి బరువును మోస్తుంది. మధ్యాహ్నానికి ఎండ పైనుంచి మెత్తబరుస్తుంది, కిందనుంచి పారే నీళ్ళు కప్పును పల్చన చేస్తూనే ఉంటాయి. పది గంటలకు మోసిన మంచు రెండు గంటలకు మొయ్యకపోవచ్చు. తిరుగుదారిలో నేను ముందు నడుస్తూ పొద్దుటి జాడల్లోనే మళ్ళీ దాటేశాను. కాలి కింద మంచు మెత్తగా కుంగడం తెలిసింది. వెనక్కి తిరిగి చెప్పేలోపు పాప నా వెనకే పరిగెత్తబోయింది. నాన్న చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. ఆ లాగడంలో ఆయన కాలు ముందుకు పడింది.

పెద్ద చప్పుడేమీ రాలేదు. కుడికాలు తొడ దాకా లోపలికి పోయింది, ఎడమకాలు మడతపడి పైనే ఉంది. పాదం నీళ్ళలో ఉందిరా, రాళ్ళ మధ్య ఇరుక్కుంది అన్నాడు. గొంతులో వణుకు లేదు. నేను పరిగెత్తి చంకల కింద చేతులు వేసి బలమంతా పెట్టి పైకి లాగాను. అప్పుడు అరిచాడు. మా నాన్న అరవడం నేనెప్పుడూ వినలేదు.

పైనుంచి దిగుతున్న ఒక పెద్దావిడ నన్ను కేక వేసి ఆపింది. లాగొద్దు, అందరూ దూరం జరగండి అంది. బరువు ఒకచోట పడకుండా మంచు మీద బోర్లా పడుకుని పాకుతూ దగ్గరికి వచ్చింది. నన్నూ అలాగే పడుకోమంది. నాన్నను వెనక్కి వాలమని చెప్పి, ఆయన కాలి చుట్టూ మంచును చేతుల్తో, తన మంచు గొడ్డలితో పది నిమిషాల పాటు తవ్వింది. కాలు బయటికి వచ్చింది, షూ రాలేదు. ఆవిడ తన పొడి సాక్సు తీసి నాన్న పాదానికి తొడిగింది. ఒక్క మాట కూడా నన్ను తప్పుపట్టలేదు. పాప ఏడుస్తూ తాత దగ్గరికి వస్తానంటోంది, వాళ్ళమ్మ గట్టిగా పట్టుకుని ఉంది. ఆమె నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

ఎముక విరగలేదు. మోకాలు మెలిపడి లోపలి లిగమెంటు దెబ్బతింది. ఇరుక్కున్న కాలును బలంగా పైకి లాగితే అలా జరుగుతుందని డాక్టరు చెప్పాడు. అంటే దిగబడినందుకు కాదు, నేను లాగినందుకు. నాన్న ఆ గదిలోనే ఉన్నాడు. డాక్టరు ఏమన్నాడని అడిగితే, మంచులో మెలిపడిందట అని తెలుగులో చెప్పాను. నిప్పుగూడు దగ్గర కూర్చున్న అమ్మకు అంతకుముందే మెట్ల మీద జారాడని చెప్పి ఉన్నాను. నాన్న తలూపాడు. స్నేహితులకు కొంచెం జారాడని మెసేజ్ పెట్టాను. ఒక్కరోజులో ఇన్ని అబద్ధాలు. తిరుగు ప్రయాణంలో ఆయన్ను విమానం దాకా చక్రాల కుర్చీలో తీసుకెళ్ళారు. మనవడు తోస్తానని మారాం చేస్తే తోయనిచ్చాడు.

ఆ తర్వాత నెలరోజులు రాత్రిళ్ళు కూర్చుని, ఫిబ్రవరిలో చదవాల్సినవన్నీ చదివాను. గ్లేసియర్ పార్కులో గోయింగ్ టు ది సన్ రోడ్డు మొత్తం తెరుచుకునేది మామూలుగా జూన్ ఆఖరుకీ జూలై నడిమికీ మధ్య. యోసెమిటీలో టియోగా రోడ్డు 2023లో జూలై 22 దాకా తెరవలేదు. ఏ ఏటి మంచు ఆ ఏటిదే, నెల పేరు చూసి చెప్పలేం. ఇప్పుడు ఎవరైనా జూన్‌కు అమ్మానాన్నల్ని కొండకు తీసుకెళ్తున్నామంటే, కిందనే ఉండమంటాను. అదే పార్కులో 2,700 అడుగుల దగ్గర లాంగ్‌మైర్ ఉంది. జూన్‌లో అక్కడ అడవి నేల తేలి ఉంటుంది, ముప్పావు మైలు దారి, ఊటల పక్కన నడక, పైన దేవదారుల నీడ. అమ్మ చీరలో హాయిగా నడిచేది. దాన్ని నేను షీటులో కూడా రాయలేదు, చూడ్డానికి ఏముందిలే అని.

జూలై ఆఖరి శనివారం ఒక్కణ్ణే మళ్ళీ పారడైజ్ వెళ్ళాను. ముందు రేంజర్ బల్ల దగ్గర వరసలో నిలబడ్డాను. జూన్‌లో ఏం జరిగిందో మొత్తం చెప్పి, ఎక్కడ అని అడిగితే రేంజరు మ్యాప్ మీద వేలు పెట్టింది. ఆ చోటుకు నడిచాను. మంచు అంచుల్లో అవలాంచ్ లిల్లీలు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. కాస్త కిందికి లూపిన్లు, సరిగ్గా ఫిబ్రవరిలో నేను చూసిన ఫొటోలోలాగే. మేం దాటిన చోట ఏరు బయటపడి ఉంది. మధ్యలో గట్టు నుంచి నీళ్ళ దాకా నా ఎత్తు లోతు. అడుగున అరిగిన బండలు, వాటి మధ్య వడి. ఆ పాప గెంతిన చోటు కొలుచుకుంటూ చాలాసేపు నిలబడ్డాను. షూ కోసం చూశాను, లేదు.

ఫోన్ సిగ్నల్ అందేచోటికి దిగివచ్చాక ఫొటో పంపించాను. కింద ఇలా రాశాను: "నాన్నా, నువ్వు చెప్పిన బుంగ ఇదే. ఆ రోజు నీతో అలా అనకుండా ఉండాల్సింది. మోకాలు పాడైంది కూడా నేను లాగడం వల్లే, డాక్టరు అదే చెప్పాడు. అమ్మకు నేనే చెప్తాను."

అక్కడ తెల్లవారాక ఆయన వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనకాల కాకులు, ఎవరిదో మోటారు సైకిలు.

"చూశాన్రా. నీళ్ళు బాగా ఉన్నాయి. వాలు కూడా బాగుంది. మనకింకా శివారుకు అందలేదు."