కొనబోవు గారు

ప్రతి వీధిలోనూ ఒక కొనబోవు గారు ఉంటారు. అది ఇంటిపేరు కాదు, బిరుదు. కొన్నవాళ్లు కొనుక్కుని సుఖపడతారు, కొనలేనివాళ్లు ఆశ వదులుకుని సుఖపడతారు. కొనబోవు గారికి ఆ రెండు సుఖాలూ లేవు. ఆయన ఏడాది పొడుగునా కొనబోతూ ఉంటారు.

మా కొనబోవు గారిది యానాం. యానాం, పుదుచ్చేరి ఒకే ప్రభుత్వం కింద ఉన్నాయి కాబట్టి బదిలీ కాగితం చూస్తే పక్క సీటులోకి జరగమన్నట్టే ఉంటుంది. నడుమ 800 కిలోమీటర్లకు పైగా ఆంధ్రా, తమిళనాడు ఉన్నాయన్న సంగతి రైలెక్కాక తెలుస్తుంది. దిగాక తెలిసేది ఇంకోటి ఉంది. ఇక్కడ గాలి వచ్చే గదికి అద్దె ఎక్కువ, అద్దె తక్కువున్న గదికి గాలి రాదు. సముద్రపు గాలిని వైట్ టౌన్ హోటళ్లు రోజుకింత అని అమ్ముకుంటాయి. కొనబోవు గారికి దక్కింది లాస్‌పేటలో మేడ మీద వాటా. పడగ్గదికి పడమటి వైపు కిటికీ, నెత్తిన ఉత్త స్లాబు.

పైగా తెలుగువాడికి పుదుచ్చేరిలో ఎండలు రెండు విడతలుగా కాస్తాయి. మే 4 నుంచి 28 దాకా తమిళుల అగ్ని నక్షత్రం. అమ్మయ్య, గడిచిందని ఎదురింటి మామి వడియాలు డబ్బాకెత్తే వేళకు మన రోహిణి కార్తె రోళ్లు పగలగొట్టే పనిలో ఉంటుంది. అది జూన్ మొదటి వారం దాటితే గానీ వదలదు. రెండు పంచాంగాలూ గోడకు వేలాడదీసిన పాపానికి కొనబోవు గారు రెండు ఎండలూ అనుభవిస్తారు.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిన మర్నాడే ఆయన పుస్తకం బయటికి తీస్తారు. ఏదో బ్యాంకు ఇచ్చిన పాత డైరీ. మొదటి పేజీలో పైన శ్రీ, దానికి పసుపు బొట్టు, కింద ‘పడకగది చల్లబరచు మార్గములు’ అని శీర్షిక. స్కేలు పెట్టి గీసిన అయిదు గడులు: వస్తువు, ధర, వాట్లు, నెలకు యూనిట్లు, ఓనరు అభ్యంతరం. ఆఖరి గడి మిగతా నాలుగింటి కన్నా వెడల్పు. అందులో రాత కూడా చిన్నది.

రాత్రి 11 గంటలకు స్టూలెక్కి స్లాబుకు అరచెయ్యి ఆనించి చూడటం ఆయన దినచర్య. ‘‘పగలంతా తాగిన ఎండను ఇప్పుడు కక్కుతోందండీ. సూర్యుడు ఆరింటికే డ్యూటీ దిగిపోయాడు. మా స్లాబుకు మాత్రం నైట్ షిఫ్టు’’ అంటారు. ఫ్యాను గురించి ఆయన సిద్ధాంతం వేరు. ఫ్యాను గదిని చల్లబరచదు, చెమట ఆరబెట్టి మనిషిని చల్లబరుస్తుంది. మనిషి లేని గదిలో ఫ్యాను తిరిగితే 75 వాట్ల పొయ్యి వెలిగించి వదిలేసినట్టే. అందుకని ఆ ఇంట్లో మంచినీళ్లకు లేచినా స్విచ్చి ఆర్పి లేవాలి.

మనిషి మాత్రం తక్కువ తిన్నాడా? ఊరికే కూర్చున్నవాడి ఒంట్లోంచి దాదాపు 100 వాట్ల వేడి వస్తుందట. ఆదివారం మేం నలుగురం వెళ్తే కుర్చీలు వెయ్యకముందే ఆయన కళ్లలో 400 అంకె కనిపిస్తుంది. ఓసారి ఈ లెక్క వాళ్లావిడ చెవిన పడింది. ‘‘అయితే మీరు కాసేపు అలా బీచీకి వెళ్లి రండి, వంద తగ్గుద్ది’’ అన్నారావిడ కూరగాయలు తరుగుతూనే. శాస్త్రీయంగా ఆ మాట సరైనదే కాబట్టి ఆయన చెప్పులేసుకున్నారు.

వేసవి ముదిరిందంటే సలహాలు వస్తాయి. మొదటిది ఏటా హైదరాబాదు నుంచి, బావమరిది ఫోన్లో. ‘‘ఓ కూలరు పడేసుకోండి బావగారూ, అర్ధరాత్రి దుప్పటి వెతుక్కుంటారు.’’

కొనబోవు గారు డైరీ విప్పుతారు. ‘‘మీ ఊళ్లో 42 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం. నీళ్లు ఇట్టే ఆవిరవుతాయి. లెక్క ప్రకారం గాలి 24 దాకా దిగొచ్చు. మాకు 37 డిగ్రీలే గానీ తేమ 60. ఎంత పెద్ద కూలరైనా 30 కిందికి దించలేదు. ఈలోగా మంచం, తలగడ, డబ్బాలో అప్పడాలు అన్నీ మెత్తబడిపోతాయి. ఆయ్, కూలరు గాలికి నీళ్లు పడుతుంది బావా. ఏసీ గాలిని పిండి నీళ్లు బకెట్లోకి దింపుతుంది. సముద్రం పక్క ఊరికి పిండేదే కావాలి.’’

‘‘అయితే ఏసీ కొనండి.’’

‘‘చూస్తున్నా’’ అంటారు.

రెండో సలహా ఆఫీసులోంచి వస్తుంది: టేబుల్ ఫ్యాను ముందు బేసిన్లో ఐసు పెట్టుకోమని. దీనికీ ఒక పేజీ ఉంది. గంటకో కిలో ఐసు కరిగితే వచ్చేది సుమారు 93 వాట్ల చల్లదనం. ఒక టన్ను ఏసీ ఇచ్చేది 3,500 వాట్లు. దానికి సరితూగాలంటే గంటకు 38 కిలోల ఐసు కావాలి. అసలు టన్ను అన్న కొలతే ఐసు లెక్కలోంచి పుట్టింది. ఒక రోజులో ఒక అమెరికన్ టన్ను ఐసు కరిగితే ఎంత చల్లదనమో అంత. ‘‘మన ఫ్రిజ్జులోనే గడ్డకట్టించి మన గదిలోనే కరిగించడమంటే, ఎడమ జేబులో డబ్బు కుడి జేబులోకి మార్చి, మధ్యలో కరెంటాఫీసుకు కమీషనిచ్చుకోవడమే’’ అని ఐసును కొట్టేశారు.

ఇక షోరూములు. సాయంత్రం ఆరు దాటాక కామరాజ్ సాలై వైపు ఆయన నడక చూడాలి, ఆ హుందాతనం రేపే పెళ్లన్నట్టుంటుంది. అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, ఏసీ ముందు అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని ఒక్క క్షణం ఆగి, ‘‘తంబీ, దీని ఐఎస్ఈఈఆర్ ఎంత?’’ అంటారు. అది కరెంటు పొదుపు కొలత. తంబీ చీటీ చూసి చెబుతాడు.

‘‘ఇందులో ఏడాదికి ఇన్ని యూనిట్లని వేశారే, అది 1,600 గంటలకు. రాత్రికి 8 గంటల చొప్పున 200 రాత్రులు. మరి మిగతా 165 రాత్రులూ మేం ఎక్కడ పడుకోవాలి?’’

తంబీ మేనేజరును పిలుస్తాడు. మేనేజరు కుర్చీ వేయిస్తాడు. వాయిదాల పథకం గురించి మొదలుపెడితే కొనబోవు గారు ఇన్వర్టరు కంప్రెసరు దగ్గరికి లాక్కెళ్తారు. అక్కణ్నుంచి రాగి కాయిలు, ఉప్పుగాలికి దాని ఆయుష్షు. కొట్టు కట్టేసే వేళకు లేస్తారు. ఒళ్లంతా చల్లబడి, బుష్‌షర్టు ఆరిపోయి ఇల్లు చేరి, ‘‘ఇవాళ ఉక్క అంతగా లేదే’’ అంటారు. ఆ మూడు గంటలూ స్టవ్వు దగ్గర నిలబడ్డ మనిషి ఆ మాటకు జవాబు చెప్పరు. కంచం మాత్రం కాస్త చప్పుడుగా పెడతారు.

ఆగడమే మంచిదని ఆయన నమ్మకం. ఆ నమ్మకానికి ప్రభుత్వం కూడా సాయం చేసింది. 2025 సెప్టెంబరు 22న ఏసీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. ఆ రోజు కొనబోవు గారు సెక్షనంతటికీ పకోడీలు తెప్పించారు. ‘‘తొందరపడ్డవాళ్లు పది శాతం ఎక్కువ కట్టారు. నేను కట్టానా?’’ అయితే ఇప్పుడు కొనేస్తారా అని అడిగాం. సెప్టెంబరు దాటితే ఈశాన్య వానలు, వానల్లో ఏసీ ఎవరు కొంటారని ఎదురడిగారు. జనవరి వచ్చేసరికి ఏసీల కరెంటు పొదుపుకిచ్చే నక్షత్రాల కొలతలు బిగించారు. నిన్నటిదాకా అయిదు నక్షత్రాలున్న సరుకు నాలుగుకు జారింది. ఆయన ముఖం వెలిగిపోయింది. ‘‘అప్పుడే కొనుంటే ఈపాటికి మా గోడ మీదే ఓ నక్షత్రం రాలిపోయేది.’’

ఇంతా చెప్పి ఆయన్ని వెర్రివాడనుకుంటే పొరపాటు. ఆయన లెక్కల్లో ఒక్క తప్పు లేదు. అకౌంట్స్ సెక్షనులో ఒకాయన కొనబోవు గారి మాట మీద పాత ఫ్యాను తీసేసి బీఎల్‌డీసీ ఫ్యాను పెట్టించుకున్నాడు. 75 వాట్ల చోట 30 తింటోంది, గాలి అంతే వస్తోంది. ముత్యాలపేటలో ఉన్న అమలాపురం కుర్రాడు ఒక టన్ను ఏసీ కొని 26 దగ్గర పెట్టి, దానితో పాటు ఫ్యాను వేసుకుంటున్నాడు. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని చెప్పింది ఈయనే. ఏమీ కొనలేని టైపిస్టు గారికి పైసా ఖర్చు లేని ఉపాయం చెప్పారు. పగలు కిటికీలు మూసి తెరలు దించాలి. రాత్రి బయట చల్లబడ్డాక ఒక కిటికీలో టేబుల్ ఫ్యాను వీపు మనవైపు, ముఖం వీధివైపు పెట్టాలి. వేడిగాలి బయటికి పోతుంది, ఎదుటి కిటికీలోంచి చల్లగాలి లోపలికొస్తుంది. మా తెలుగు బ్యాచీ మొత్తం ఆయన లెక్కల మీద పడుకుని గుర్రుపెడుతోంది.

ఊరి నుంచి ఎవరొచ్చినా ఆయన చూపించేది బీచీ కాదు, గోల్కొండ. అరవిందాశ్రమం వాళ్ల వసతిగృహం. 1937లో మొదలుపెట్టి 1940ల్లో పూర్తిచేశారు. కట్టింది ఆంటొనిన్ రేమండ్ అనే చెక్ ఆర్కిటెక్టు, జార్జ్ నకషిమా, ఫ్రాంతిషెక్ సామర్ అనే సహచరులతో. డబ్బు నిజాం ఖజానా నుంచి, దివాను సర్ అక్బర్ హైదరీ ద్వారా వచ్చింది. అందుకే ఆ పేరు. ఉత్తరం, దక్షిణం గోడలకు బదులు అడ్డంగా పరిచిన రెక్కలు. ఎంత గాలి కావాలో అంత తిప్పుకోవచ్చు. గది తలుపులు కూడా సందులున్న టేకు పలకలే, వేసినా గాలి ఆగదు. కప్పు మీద ఇంకో కప్పు, రెంటికీ నడుమ గాలి. ఏసీ ఊసే లేదు. కొనబోవు గారు ఎదుటి పేవ్‌మెంటు మీద నిలబడి ఇదంతా వేలితో చూపిస్తారు. చివర్న, ‘‘మన హైదరాబాదు డబ్బు ఈ ఊరిని ఒకసారి చల్లబరిచింది. మళ్లీ నన్ను పెట్టమంటే ఎలాగండీ?’’ అంటారు.

నవ్వులాటగా అన్నా ఆ రెండో కప్పు ఆయన బుర్రలో తిష్ఠ వేసింది. అద్దె ఇంటి మీద రెండో కప్పు ఎవరూ కట్టరు. తెల్లటి పూత మాటేమిటి? తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించిందని పేపరు కత్తిరింపు డైరీలో అంటించారు. నల్లబడ్డ స్లాబు ఎండను తాగుతుంది, తెల్లటిది వెనక్కి కొడుతుంది. సున్నం, కాస్త ఫెవికాల్, రెండు పూతలు. ఏసీ ధరలో పదో వంతు కూడా కాదు. అడ్డమల్లా ఆ వెడల్పాటి గడి. ఓనరును ఏమడిగినా ‘‘పాక్కలాం సార్’’ అంటాడు. చూద్దాంలెండి అన్న మాటే గానీ ఆయన ఎప్పుడూ చూసింది లేదు. ఆయనకు తొందరేముంది? కింది వాటాలో పడుకుంటాడు, ఆయన నెత్తిన ఎండ కాయకుండా కొనబోవు గారి గది అడ్డు.

కొనబోవు గారు థర్మామీటరు కొన్నారు. మేం చూడగా ఆయన కొన్న వస్తువు అదొక్కటే. రాత్రుల అంకెలన్నీ గ్రాఫు గీసి చూపించారు, ఓనరు కదల్లేదు. చివరికి మాట మార్చారు. ‘‘ఎండకు స్లాబు సాగి, రాత్రికి ముడుచుకుని బీటలిస్తుంది సార్. కార్తీకం వానల్లో కిందికి కారుద్ది.’’ కిందికి అన్న మాట సరిగ్గా తగిలింది. ఆ ఆదివారమే మేస్త్రీ వచ్చాడు. పూత ఆరాక రాత్రి అంకెలు రెండు మూడు డిగ్రీలు దిగాయి. వాళ్లావిడ చాలాకాలానికి గదిలో నిద్రపోయారు. స్టూలు మూలనే ఉండిపోయింది, చెయ్యి ఆనించాల్సిన పని లేకపోయింది.

ఒకటో తారీఖున ఓనరు పైకొచ్చాడు. గది మధ్యలో నిలబడి పైకి చూసి, కిటికీ వైపు చూసి, తృప్తిగా తలాడించాడు. వచ్చే నెల నుంచి అద్దె 1,500 పెంచుతున్నానన్నాడు. చల్లటి ఇల్లు కదా సార్ అన్నాడు.

ఆ సాయంత్రమే డైరీలో కొత్త పేజీ మొదలైంది. నెలకు 1,500 చొప్పున రెండేళ్లకు 36 వేలు. అటూ ఇటుగా ఒక టన్ను ఏసీ ధర. అంటే ఏసీ కొనకుండానే ఏసీ డబ్బు కడుతున్నారు. ఇల్లు మారడమే దారని తేల్చారు. శీర్షిక మార్చి అయిదు గడులు మళ్లీ గీశారు. ‘‘ఈ జన్మలో కుదురుద్దా?’’ అని వాళ్లావిడ అడిగితే, పుదుచ్చేరిలో తూర్పు కిటికీ ఉన్న వాటాలెన్నో లెక్క తీస్తున్నానన్నారు.

సరిగ్గా అదే వారంలో నేను కూడా గది వెతుక్కుంటూ ఆయన సలహా అడిగాను. లెక్కలో పక్షపాతం ఎరగని మనిషి. ఓపిగ్గా నా జీతం, ఆఫీసు దూరం, కరెంటు ఖర్చు అన్నీ వేసి, రెండు పేజీలు నింపి, కళ్లజోడు తీసి చెప్పారు: ‘‘మీ బడ్జెట్లో లాస్‌పేట మొత్తం మీద మా గదే నయం బాబూ. పెంచిన అద్దె మీద కూడా.’’

ఓనరుకు అడ్వాన్సు ఇచ్చేశాను.